టైటిల్ పేజీ వెనక ఏం వేస్తున్నారు?

తెలుగు ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

తెలుగు పుస్తకాలు వేస్తున్న సంస్థలకు, సొంత ఖర్చుతో తమ పుస్తకాలు తామే వేసుకుంటున్న రచయితలకు,



మీరు వేసే ప్రతి పుస్తకంలోనూ టైటిల్ పేజీ తిప్పగానే ఇంకో పేజీ ఉంటుంది. ప్రథమ ముద్రణ, ప్రతులు, వెల, ముఖచిత్రం, డీటీపీ, ప్రతులకు... ఇవన్నీ అక్కడే. లోపలి కథలకి మూడేసి ప్రూఫులు చూసే రచయిత కూడా ఈ పేజీ జోలికి పోడు. ప్రెస్‌కి పంపే ముందురోజు రాత్రి డీటీపీ చేసే కుర్రాడు పాత పుస్తకం ఫైలు తెరిచి, పేరూ ధరా మార్చి పెట్టేస్తాడు. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. దానివల్ల మీ పాఠకులకి వచ్చిన ఇబ్బందేమిటో చెప్పాలంటే కాస్త చుట్టు తిరిగి రావాలి.

చదివిన పుస్తకాల పేర్లు రాసిపెట్టుకోవడం కొత్త అలవాటేం కాదు. డైరీ చివరి పేజీల్లో జాబితా రాసుకునేవాళ్ళు, అట్ట లోపల చదవడం పూర్తయిన తేదీ వేసుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు ఆ పని ఫోనులోకి వచ్చింది. 2005లో లైబ్రరీథింగ్, 2007లో గుడ్‌రీడ్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ ఓపెన్ లైబ్రరీ, 2019లో స్టోరీగ్రాఫ్, ఎవరి సొత్తూ కాకుండా నడిచే బుక్‌విర్మ్. పేర్లు వేరైనా పని దాదాపు ఒకటే. చదవాలనుకుంటున్నవి ఒక అర, చదువుతున్నవి ఒక అర, చదివేసినవి ఒక అర. ఎన్నో పేజీలో ఆగారో గుర్తుపెట్టుకోవచ్చు, నచ్చిందీ నచ్చందీ నాలుగు ముక్కలు రాసుకోవచ్చు, స్నేహితులు ఏం చదువుతున్నారో తొంగి చూడొచ్చు.

పంచుకునే సరదా తెలుగు పాఠకులకి తక్కువేం కాదు. 2009లో మొదలైన పుస్తకం.నెట్‌లో ఏడాది చివర 'ఈ సంవత్సరం నేను చదివినవి' అంటూ పాఠకులు రాసిన జాబితాలు చూసి నేను కొనుక్కున్న పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక నవల గురించి రాస్తూనే ఉన్నారు. చాలా బాగా రాసేవాళ్ళు కూడా ఉన్నారు. కాకపోతే అక్కడ రాసింది నాలుగు రోజుల్లో కిందికి పోతుంది. ఆర్నెల్లయ్యాక 'ఆ కథల సంపుటి గురించి ఎవరో రాశారే' అని వెతికితే దొరకదు. పై సైట్లలో అయితే పుస్తకానికంటూ ఒక పేజీ ఉంటుంది. పదేళ్ళ కిందట ఒకరు రాసిందీ నిన్న ఇంకొకరు రాసిందీ ఆ పేజీ కిందే పక్కపక్కన ఉంటాయి.

పుస్తకానికి పేజీ ఉంటే!

నిజామాబాదులోనో డాలస్‌లోనో ఒకమ్మాయి మీ కొత్త కథల పుస్తకం పూర్తిచేసి, దాన్ని తన అరలో పెట్టుకుందామని పేరు తెలుగులో కొడుతుంది. ఏమీ రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. మూడు వస్తాయి. ఒకదానికి అట్ట బొమ్మ లేదు. రెండోదానికి రచయిత పేరు ఉండాల్సిన చోట ప్రచురణ సంస్థ పేరుంది. మూడోదానికి పేజీలు సున్నా. వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ఇంకో ఊళ్ళో అదే పుస్తకం చదివిన ఇంకో పాఠకుడు ఇంకోటి ఎంచుకుంటాడు. ఒకే పుస్తకం చదివిన ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఎప్పటికీ చూడరు. ఓపిక లేనివాళ్ళు తెలుగు పుస్తకాల్ని ఎక్కించడమే మానేస్తారు. డిసెంబరులో సైటు వాళ్ళకి 'ఈ ఏడాది మీరు చదివిన పేజీలు ఇన్ని' అని లెక్క చూపిస్తుంది కదా, అందులో ఇంగ్లీషు పుస్తకాలే ఉంటాయి. పిల్లలు తెలుగు చదవడం లేదని సభల్లో బాధపడేవాళ్ళు ఈ సంగతి కూడా చూడాలి. చదివినవాళ్ళు చదివామని చెప్పుకోడానికి చోటు లేదు.

తప్పు ఆ సైట్లదే అనుకునేవాడిని. కొంతకాలంగా వాటిలో తెలుగు పుస్తకాల వివరాలు సరిచేసే పని సరదాకి చేస్తున్నాను. గుడ్‌రీడ్స్‌లో ఇలాంటివాళ్ళని లైబ్రేరియన్లు అంటారు. అందరూ నాలాంటి ఔత్సాహికులే, జీతాల్లేవు. ఆ పనిలో దిగాక అర్థమైంది, సైటు ఎంత మంచిదైనా పుస్తకంలో లేని వివరం దానికి ఎక్కడినుంచి వస్తుంది?

ముందు పేర్ల సంగతి. తెలుగు లిపిలో చలం అంటే చలమే. ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఒకచోట చలం, ఒకచోట గుడిపాటి వెంకట చలం, ఒకచోట వెంకటాచలం, మరోచోట జి.వి. చలం. కంప్యూటరుకి వీళ్ళు నలుగురు. శ్రీశ్రీని కలిపి రాస్తే ఒకరు, విడగొడితే ఇంకొకరు, చివర ఐ బదులు రెండు ఈలు పెడితే వేరొకరు, పూర్తిగా శ్రీరంగం శ్రీనివాసరావు అంటే మరొకరు. ఇక ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి ఆ సైట్లకి తెలియదు. చివరి మాటే ఇంటిపేరు అనుకుని మధురాంతకం రాజారాంగారిని ఆర్ అక్షరం కింద పడేస్తాయి. చలానికీ శ్రీశ్రీకీ అభిమానులున్నారు కాబట్టి ఎవరో ఒకరు పూనుకుని ఈ ముక్కలన్నీ ఒకచోటికి చేరుస్తారు. మొన్న మీరు మొదటి పుస్తకం వేసిన కుర్ర రచయితకి ఆ పని ఎవరు చేస్తారు? డాక్టరు, ఆచార్య, అవధాని, కళాప్రపూర్ణ లాంటివన్నీ రచయిత పేరులో కలిపేసే అలవాటు కూడా మనకుంది. అట్ట మీద గౌరవంగా ఉంటుంది, కాదనను. జాబితాలోకి వచ్చేసరికి ఆ బిరుదు కూడా పేరులో భాగమై కూర్చుంటుంది.

తెలుగు లిపిలోనే పెట్టొచ్చు కదా అంటారా? పెట్టొచ్చు. గుడ్‌రీడ్స్‌లో, ఓపెన్ లైబ్రరీలో పుస్తకం పేరు తెలుగులోనే రాయొచ్చు, తెలుగులోనే వెతకొచ్చు. కానీ మీ దగ్గరున్న ఫైలు అను ఫాంట్లలో ఉంటుంది. పేజ్‌మేకర్‌లో ముచ్చటగా కనిపించిన పేరుని అక్కడినుంచి కాపీ చేసి బయట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, కొక్కేలూ కలిసిన గజిబిజి వస్తుంది. అను పాత కోడింగు, నెట్‌లో నడిచేది యూనికోడు. ఆన్‌లైన్‌లో అమ్మేచోట మీ పుస్తకం పేరు ఇంగ్లీషులో ఎందుకుంటుందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎక్కించే మనిషికి తెలుగు టైపు చేసే ఓపిక లేక, చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో కొట్టేస్తాడు. పుస్తకమంతా యూనికోడులోకి మార్చమని అడగడం లేదు. పేరు, రచయిత, వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు యూనికోడులో విడిగా టైపు చేయించి దాచిపెట్టండి చాలు.

విచిత్రమేమిటంటే, మన పాత పుస్తకాల వివరాలు అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న చోటు వాషింగ్టన్. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు పెట్టింది. అప్పట్లో పీఎల్-480 కింద అమెరికా మనకి గోధుమలు పంపేది. ఆ గోధుమలకి మనం రూపాయల్లో కట్టిన డబ్బులో కొంత పెట్టి వాళ్ళు భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపారు. అలా వెళ్ళిన తెలుగు పుస్తకాలకి అక్కడివాళ్ళు ఒక్కొక్కదానికీ కార్డు రాశారు. ఇంగ్లీషు అక్షరాలే గాని, దీర్ఘానికి పైన గీత, ణ, ళలకి కింద చుక్క. అనువాదకుడు ఎవరో, పేజీలెన్నో, ఏ సంవత్సరం ముద్రణో అన్నీ ఉంటాయి. ఈ రోజుకీ లైబ్రరీథింగ్‌లో ఒక పాత తెలుగు నవల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ని అడిగితే ఆ గీతలూ చుక్కలతోనే వస్తుంది. మన పుస్తకాన్ని మనకన్నా శ్రద్ధగా నమోదు చేశారని సంతోషించాలో సిగ్గుపడాలో తెలియదు. విజయవాడలో కూర్చుని వెతికే పాఠకుడు మాత్రం ఆ గీతలూ చుక్కలూ ఎక్కడ కొట్టగలడు?

ఇక మన ప్రభుత్వాల వైపు చూస్తే, 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరాతో సహా మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి మీరు సొంత ఖర్చుతో పంపాలి. ఎంతమంది పంపుతున్నారో మీకే తెలియాలి.

ఐఎస్‌బీఎన్ గురించి కొంచెం ఎక్కువ మాట్లాడక తప్పదు. అమెరికాలో ఒక రచయిత ఒక్క నంబరు కొనుక్కోవాలంటే 125 డాలర్లు పెట్టాలి. మన దేశంలో కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. 2016 నుంచి దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే. అయినా మనవాళ్ళలో కొందరు అసలు తీసుకోరు. తీసుకున్నవాళ్ళలో కొందరు ఒకే నంబరుని రెండు మూడు పుస్తకాలకి వాడతారు. ఆ డీటీపీ కుర్రాడు పాత ఫైలు తెరిచి పేరూ ధరా మార్చాడని చెప్పాను కదా, నంబరు మార్చడం మరిచిపోతాడు. కవిత్వం పుస్తకం వెనక బార్‌కోడు మీద ఫోను పెడితే అదే సంస్థవాళ్ళ వంటల పుస్తకం కనబడుతుంది. కొన్నిసార్లు అంకె తప్పు పడుతుంది. పదమూడు అంకెల్లో చివరిది ఊరికే వేసింది కాదు. మొదటి పన్నెండిటినీ వరసగా ఒకటితో, మూడుతో మార్చి మార్చి గుణించి కూడితే, వచ్చిన మొత్తం తర్వాతి పదికి చేరడానికి ఎంత తక్కువైందో అదే చివరి అంకె. సరిగ్గా పది మీదే ఆగితే సున్నా. ఒక్క అంకె అటూ ఇటూ అయినా లెక్క కుదరదు, సైటు ఒప్పుకోదు. అచ్చుకిచ్చేముందు రెండు నిమిషాల పని ఇది. మార్పుల్లేని పునర్ముద్రణకి పాత నంబరే ఉంచొచ్చు. పుస్తకం మార్చి వేసినా, మామూలు అట్ట తీసి గట్టి అట్ట వేసినా, ప్రచురణ సంస్థ మారినా కొత్త నంబరు కావాలి. పాత పుస్తకాలకి ఈ బెంగ లేదు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో. అంతకుముందువాటిని నంబరు లేకుండానే ఎక్కించొచ్చు.

నా అసలు ఫిర్యాదు ముద్రణల గురించి. కన్యాశుల్కం తీసుకోండి. గురజాడ 1897లో వేసిన నాటకం వేరు, 1909లో పూర్తిగా తిరగరాసి వేసిన నాటకం వేరు. ఇప్పుడు హక్కుల గొడవ లేదు కాబట్టి ఎవరైనా వేయొచ్చు, వేస్తున్నారు కూడా. నా దగ్గరున్న ఒక ప్రతిలో 'ప్రథమ ముద్రణ' అని ఈ మధ్యకాలపు సంవత్సరం వేసి ఉంది. లోపల ఉన్నది ఏ పాఠమో ఒక్క ముక్క లేదు, దేన్ని చూసి కూర్చారో లేదు. పుస్తకాల సైటులో దాన్ని ఎక్కించినవాళ్ళు ఆ సంవత్సరాన్నే నమ్మారు. గురజాడ పుస్తకం ఆయన పోయిన వందేళ్ళకి మొదటిసారి వచ్చినట్టుంది అక్కడ. 'మా సంస్థ తొలి ముద్రణ' అనే అర్థంలో మీరు వేసిన మాట ఇంత పని చేస్తుంది. టైటిల్ వెనక పేజీలో ఒక్క వాక్యం చాలు: మొదట ఎప్పుడు వచ్చింది, ఇది ఏ పాఠం ఆధారంగా వేశారు.

అనువాదాల్లో ఈ లోపం ఇంకా ఎక్కువ. సోవియట్ కాలంలో ప్రగతి, రాదుగ సంస్థలు మాస్కోలో అచ్చువేసిన తెలుగు పుస్తకాలు ఇంట్లో ఉంటే తీసి చూడండి. లోపల ఎక్కడో చిన్న రష్యన్ అక్షరాల్లో అసలు పుస్తకం వివరాలు, 'తెలుగు భాషలో' అన్న మాటతో సహా ఉంటాయి. అది చూసి అసలు పుస్తకం ఏదో పట్టుకోవడం తేలిక. వాటినే మళ్ళీ మన దగ్గర వేసేటప్పుడు ఆ ముక్క ఎగిరిపోతుంది. ఒక్కోసారి అనువాదకుడి పేరు కూడా. మన దగ్గరినుంచి ఇంగ్లీషులోకి వెళ్ళినవాటికీ ఇదే అవసరం. జి. కల్యాణరావు అంటరాని వసంతాన్ని అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇంగ్లీషు చేశారు, 2010లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ వేసింది. సైటులో తెలుగు మూలాన్నీ ఇంగ్లీషు అనువాదాన్నీ ఒకే రచన కింద కలిపితే, ఇంగ్లీషులో చదివి ఢిల్లీ విద్యార్థి రాసిందీ తెలుగులో చదివి ప్రకాశం జిల్లా పాఠకుడు రాసిందీ ఒకే చోట కనబడతాయి. కలపడానికి కావలసింది రెండు పేర్లు, రెండు సంవత్సరాలు. ఇంగ్లీషు ప్రచురణకర్తలు మూలం పేరు వేయడం సాధారణంగా మరిచిపోరు. మనం వేయం.

పేజీల సంఖ్య చిన్న సంగతిలా కనబడుతుంది గాని, చదువుతున్నవాళ్ళు ఎంతదాకా వచ్చారో ఈ సైట్లు లెక్కగట్టేది దాంతోనే. ముందుమాటలకి ఒక వరస, కథలకి ఇంకో వరస అంకెలు వేసినా ఫరవాలేదు, చివరి పేజీ అంకె చెప్పండి.

మీలో కొందరు ఏమంటారో తెలుసు. పుస్తక ప్రదర్శనల్లో స్టాళ్ళ దగ్గర విన్నవే.

మా పాఠకులు ఇలాంటి వాటిలో ఉండరండీ అంటారు. పెద్దవాళ్ళు ఉండకపోవచ్చు. కానీ డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్‌కీ, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికీ వచ్చి, మీ స్టాల్ ముందు ఫోనులో ఏదో చూసుకుని పుస్తకం అడిగే పాతికేళ్ళ పిల్లలు ఏం చూసుకుంటున్నారనుకుంటున్నారు?

నెట్‌లో పెడితే పీడీఎఫ్‌లు దొంగిలిస్తారు అంటారు. మీ పుస్తకాన్ని స్కాన్ చేసి పంచేవాళ్ళకి మీ వివరాలతో పనిలేదు. వాళ్ళ జాబితాలు మీ కేటలాగుకన్నా పద్ధతిగా ఉంటాయి. చెప్పడానికి బాధగా ఉంది గాని నిజం.

చుక్కల రేటింగుల గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఆవిష్కరణ సభ కాకముందే రచయిత మిత్రులు అయిదేసి చుక్కలు పెట్టేస్తారు, గిట్టనివాళ్ళు చదవకుండానే ఒకటి పెడతారు. ఏడాదికి ఇన్ని పుస్తకాలని పందెం కట్టుకుని, డిసెంబరు చివరి వారంలో పల్చటి పుస్తకాలు వెతుక్కునే వాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. నేను చుక్కలు చూడను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసుకున్న రెండు వాక్యాలు చూస్తాను. నేను చదువుతున్నదేమిటో గుడ్‌రీడ్స్ యజమాని అమెజాన్‌కి తెలియాల్సిన అవసరం కూడా నాకు కనబడదు. అందుకే నా సొంత అరలు ఓపెన్ లైబ్రరీలో పెట్టుకున్నాను, అక్కడ కావాలంటే ఎవరికీ కనబడకుండా దాచుకోవచ్చు.

అమెజాన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2012 జనవరిలో గుడ్‌రీడ్స్, అమెజాన్ దగ్గర్నుంచి తీసుకుంటున్న పుస్తక వివరాలు వాడటం ఆపేసింది. ఇంకెక్కడా వివరాలు దొరకని పుస్తకాలను సభ్యులే చేత్తో మళ్ళీ నింపుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది గుడ్‌రీడ్స్‌నే అమెజాన్ కొనేసింది. అంతకుముందు 2008లో కొన్న షెల్ఫారీ అనే ఇలాంటి సైటుని 2016లో మూసేసింది. కాబట్టి ఫలానా సైటులో మీ పుస్తకాలు ఎక్కించండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. సైట్లు వస్తాయి, పోతాయి. మీ జాబితా మీ దగ్గర ఉండాలి.

అడుగుతున్నది ఇది. మీ సంస్థ వేసిన పుస్తకాలన్నిటికీ ఎక్సెల్‌లో ఒక పట్టిక పెట్టండి, పుస్తకానికి ఒక వరస. పేరు తెలుగు యూనికోడులో, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో. రచయిత పేరు రెండు లిపుల్లో. ఇంగ్లీషు స్పెల్లింగు ఎలా ఉండాలో రచయితనే అడిగి, ఒకసారి ఖాయం చేశాక ఇక మార్చకండి. అనువాదమైతే అనువాదకుడి పేరు, మూలం పేరు, మూలభాష. మొదట వచ్చిన సంవత్సరం, ఈ ముద్రణ సంవత్సరం, పేజీలు, ఐఎస్‌బీఎన్. అట్ట బొమ్మ విడిగా, ముందువైపు మాత్రమే. చాలామంది ముందూ వెనకా వెన్నూ కలిపిన ప్రెస్ ఫైలు పంపిస్తారు, అది పనికిరాదు. పట్టికను సీఎస్‌వీగా భద్రం చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోండి. లేకపోతే తెరిచినప్పుడు తెలుగు పోయి, వరసగా ప్రశ్నార్థకాలు కనబడతాయి. దాన్ని మీ వెబ్‌సైటులో ఎవరైనా దించుకునేలా పెట్టండి. వెబ్‌సైటు లేకపోతే ఓపెన్ లైబ్రరీలో ఎక్కించండి. అక్కడ ఖాతా తెరిచిన ఎవరైనా పుస్తకాలు చేర్చొచ్చు. ఆ వివరాలన్నీ ఎవరైనా మొత్తంగా దించుకోవచ్చు, బుక్‌విర్మ్ లాంటివి అక్కడినుంచి కూడా తెచ్చుకుంటాయి.

పాతవన్నీ ఒకేసారి కుదరదు, తెలుసు. కొన్ని సంస్థలకి వందల పుస్తకాలున్నాయి, కొన్ని పుస్తకాలకి ఆఫీసు ప్రతి కూడా మిగల్లేదు. వాటి సంగతి మాలాంటివాళ్ళకి వదిలేయండి. పాత పుస్తకాల షాపుల్లోనో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న స్కానుల్లోనో వెతికి మెల్లగా నింపుకుంటాం. మీరు ఈ నెల ప్రెస్‌కి పంపబోతున్న పుస్తకంతో మొదలుపెట్టండి. ఫైలు వెళ్ళేముందు టైటిల్ వెనక పేజీని రచయితకి కూడా ఒకసారి చూపించి, సంతకం పెట్టించుకోండి. పట్టిక అను ఫాంట్లలోనే ఉందంటే అలాగే ఇవ్వండి, యూనికోడులోకి మార్చే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతున్నాయి, తప్పులు మేం దిద్దుకుంటాం. బుక్ ఫెయిర్‌లో స్టాల్ దగ్గర అడిగినప్పుడు 'కేటలాగు అయిపోయిందండీ' అనకుండా పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అదే పదివేలు.

ఇట్లు
మీ పుస్తకాలు కొని చదివే ఒక పాఠకుడు